సభాపతి గారి కాలువ

ఆ ఉదయం సభాపతి గురునాథం తలపెట్టింది చిన్న పనే. రాయపూర్ శివారులోని ఉర్లా పక్కన, తన నియోజకవర్గంలో, వానొస్తే ఇళ్లలోకి పొంగే మురుగుకాలువను బాగుచేయించాలి. మామూలు ఎమ్మెల్యేగా ఉన్నన్నాళ్లూ సభలో దాని కోసమే గొంతు చించుకున్నాడు. ఆ గొంతు భరించలేకో, మెచ్చో, పార్టీ ఆయన్ను శాసనసభలో పెద్ద కుర్చీ ఎక్కించింది. ఆ కుర్చీలో కూర్చున్నవాడు ప్రశ్నలు అడగకూడదు.

"నాలా నీళ్లు మా చెల్లి వంటింట్లోకొచ్చేసాయట," అంది భార్య శేషమ్మ టీ అందిస్తూ. "అందరి చేతా మాటాడిస్తారు, మీరు మాటాడలేరేటి?"

"రూలు ఒప్పుకోదే."

"మీ రూలు కోసం కురిసే బారిష్ ఆగుతాదేటి? ఇంకెవరి చేతన్నా అడిగించండి."

సలహా నచ్చింది. సొంత పార్టీవాళ్లు కాలువల పని చూసే మంత్రిని నొప్పించరు కనుక ప్రతిపక్ష సభ్యుడు దేవాంగన్‌ను గదికి పిలిచి, టీ ఇప్పించి, కాలువ మీద ఒక్క ప్రశ్న వేయమన్నాడు.

ఒక్క ప్రశ్నకు సభాపతి టీ ఇప్పిస్తాడా? ఆయన మనవైపు వచ్చేస్తున్నాడని దేవాంగన్ తన పార్టీలో చెప్పాడు. వాళ్లు ప్రశ్నను పక్కనపెట్టి, కాలువ పేరుతో మంత్రి శాఖ బడ్జెట్ పద్దు తగ్గించాలని ఏకంగా కోత తీర్మానం పెట్టారు. అది నెగ్గితే ప్రభుత్వం పడిపోతుంది. తాము అధికారంలోకి రాగానే మొదట తవ్వేది ఆ కాలువేనని సభలో మాటిచ్చారు. గాలి మళ్లిందన్న కబురు విని, ఏ గట్టున ఉండాలో తేలని పాలకపక్ష సభ్యులు కొందరు ఆ పూట జ్వరాలు తెచ్చుకున్నారు.

ఓట్లు సరిసమానంగా వచ్చాయి. అలా వచ్చినప్పుడే సభాపతికి ఓటుంటుంది. సభంతా ఆయనవైపు చూసింది.

ఇన్నేళ్లుగా అడిగింది ఒక్క మాటతో గెలుస్తుంది. కానీ సభాపతి ఓటు ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచాలని, దేన్నీ కూల్చకూడదని ఆనవాయితీ. గురునాథానికి దుఃఖం వచ్చింది. మనిషి ఎదిగేకొద్దీ తనవాళ్లకు ఇంత దూరమవుతాడా అనిపించింది.

"తీర్మానానికి వ్యతిరేకం," అన్నాడు.

"మన నాలాకి మీరే అడ్డం పడ్డారట?" అంది శేషమ్మ ఆ సాయంత్రం. ఆయన ఉన్నదంతా చెప్పాడు. ఆమె కంచం ముందు పెట్టి, "సరేలెండి, అన్నం తినండి," అంది.

చావు తప్పి కన్ను లొట్టపోయిన మంత్రి, ఆ కాలువ పేరు మళ్లీ సభలో వినపడకూడదని, వారం తిరక్కుండా యంత్రాలు పంపి తవ్వించేశాడు.

కాలువ పక్క కాలనీవాళ్లు దేవాంగన్‌కు పూలదండ వేసి, గురునాథం సంగతి ఎన్నికల్లో చూసుకుంటామన్నారు.