మా జట్టు సహన సలహాదారు

రాయ్‌పూర్ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టుకు నన్ను సహన సలహాదారుగా నియమించిన సంగతి పాఠకులకు సవినయంగా తెలియజేస్తున్నాను. ఆ ఆట గురించి నాకేమీ తెలియదు. అది అనర్హత కాదని జట్టు యజమాని, ఇనప గొట్టాల ఫ్యాక్టరీ అధిపతి ధనుంజయ్ గారు శంకర్ నగర్ ఆఫీసులో సెలవిచ్చారు. "పున్నయ్య గారు రైల్వే విచారణ కౌంటర్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు కూర్చున్నారు. ఎంతమంది తిట్టినా తలెత్తి చూడలేదు. ఇటువంటి స్థితప్రజ్ఞులే మనకు కావాలి" అని ప్రసంగించారు. కౌంటర్‌కు దళసరి అద్దం ఉండేదని, తిట్లు సగం ఇవతలికి వచ్చేవి కావని నేను చెప్పలేదు. దరఖాస్తులో ఆ కాలమ్ లేదు.

నాకు అప్పగించిన కేసు కిరణ్. మా రైల్వే కాలనీవాడే. ఆరడుగుల నాలుగంగుళాలు, ముక్కు మీద కోపం. ప్రత్యర్థి ఒక్క మాటంటే చాలు, బంతి వదిలేసి వాడి మీదికి వెళ్ళేవాడు. ఈ సీజన్ ఆఖరి మ్యాచ్‌లో మళ్ళీ నోరు జారినా, జట్టు ఓడినా అతని కాంట్రాక్టు రద్దని ఉత్తర్వు వచ్చింది.

"ఆడు మా యమ్మనంటే గుస్సా రాదేటి బాబాయ్?" అన్నాడు.

"రానీ. నోటిదాకా రానీకు. ఆ టైమ్‌లో బంతెక్కడుందో చూసుకో" అన్నాను. పాపం, నమ్మాడు.

నెలరోజులు శిక్షణ సాగింది. మిగతా ఆటగాళ్ళు అతన్ని వరసపెట్టి తిట్టేవారు. నేను టీ తాగుతూ మార్కులు వేసేవాణ్ణి. ఇంటికి వెళ్ళాక చారులో ఉప్పు తక్కువైందని మా ఆవిడ నాంచారమ్మ మీద అరిచేవాణ్ణి. అది డ్యూటీ వేళల్లోకి రాదు.

మ్యాచ్‌లో అవతలి జట్టు వివేక్ తన కర్తవ్యం లోపం లేకుండా నిర్వర్తించాడు. మోచేత్తో పొడిచాడు, నడక వెక్కిరించాడు, తల్లినీ తలచుకున్నాడు. కిరణ్ బంతినే చూశాడు. స్కోరు సమానం, నాలుగు సెకన్లు మిగిలాయి, బంతి మాది. అప్పుడు వివేక్ మా బెంచీ వైపు తిరిగి నాతో తాపీగా, "అంకుల్, జరా పానీ లావో" అన్నాడు.

నీళ్ళు తెమ్మంటాడా? నేను సలహాదారుణ్ణి. మెడలో కార్డు కూడా ఉంది. తరవాత జరిగింది నాకు సరిగా గుర్తులేదు. నేను కోర్టు మధ్యలో ఒంటి చెప్పుతో నిలబడి ఉన్నానని, రెండోది వివేక్ వైపు ప్రయాణించిందని రిఫరీ నివేదికలో ఉంది. మా బెంచీకి టెక్నికల్ ఫౌల్, వాళ్ళకో ఫ్రీ త్రో. అది పడింది, మిగిలిన నాలుగు సెకన్లలో మాది పడలేదు. ఒక్క పాయింటుతో ఓడాం. కిరణ్ నా చెప్పు వెతికి తెచ్చి, "ఊరుకో బాబాయ్" అన్నాడు. సాయంత్రానికి అతని కాంట్రాక్టు రద్దయింది. నాకు నిజంగా సిగ్గేసింది.

సిగ్గు ఆదివారం దాకా ఉంది. ఆ రోజు మన తెలుగు సంఘం నాకు సన్మానం చేసింది. అధ్యక్షులు కూడా ధనుంజయ్ గారే. "పరాయి గడ్డ మీద తెలుగువాడి రోషం నిలబెట్టిన ధీరుడు" అని శాలువా కప్పారు. సభ లేచి చప్పట్లు కొట్టింది.

వెనక గోడ దగ్గర కిరణ్ నిలబడి ఉన్నాడు. ఓ పెద్దమనిషి అతన్ని పనివాడనుకుని, "ఏయ్, స్టేజీ మీదికి నీళ్ళు పట్టుకెళ్ళు" అన్నాడు. కిరణ్ చిన్నగా నవ్వి, బాటిల్ తెచ్చి, మూత తీసి నా చేతికిచ్చాడు.

నా శిక్షణ ఫలించింది. దాహంగా ఉంది, తాగేశాను. చప్పట్లు ఇంకా ఆగలేదు. రెండో వరసలో మీరు కూడా కొడుతున్నారు, చూశాను.