దీవుల మంత్రిగారి ఈత

"మెరోవి దీవి ప్రజల అంబులెన్స్ పడవ కోసం నా ప్రాణాన్ని సముద్రంలో పెడుతున్నాను!" అని దీవుల సంక్షేమ శాఖ మంత్రి ఫెడోన్ కలమరాస్ గారు ప్రెస్ మీట్‌లో ప్రకటించగానే హాలంతా నిశ్శబ్దమైపోయింది. పెట్టమని ఎవరూ అడగలేదు కాబట్టి ఆ నిశ్శబ్దాన్ని గౌరవం కిందే జమ కట్టుకోవాలి.

మెరోవి చిన్న దీవి. ఎదురుగా ఉన్న పెత్రిని రేవుకి రోజూ పొద్దున ఒక్క ఫెర్రీ పోతుంది, అదీ సముద్రం ఒప్పుకుంటే. ఆ తర్వాత ఎవరికి జబ్బు చేసినా మర్నాడు పొద్దున దాకా ఓపిక పట్టాలి. ఓపిక లేని జబ్బులుంటే స్టమాటిస్ చేపల పడవే దిక్కు. వలలు పక్కకి జరిపి, చాప పరిచి, రోగిని పడుకోబెట్టి తీసుకుపోతాడు. ఈ బాధ చూడలేక దీవి మంత్రసాని పెర్సెఫోనీ నలుగురిని పోగేసి ఏటా వేసవిలో పెత్రిని దాకా ఈదుతోంది. ఈదినవాళ్ళ పేరు మీద జనం తలా కాస్త చందా వేస్తారు. ఆ చందాలతో ఎప్పటికైనా పడవ కొనాలని ఆశ. ఈ సంగతి టీవీలో చూసి మంత్రిగారి గుండె కరిగింది. టీవీలో వచ్చేదాకా కరగకుండా దాచుకోవడం కూడా గొప్పే.

"మంత్రిగారూ, పడవ ఇవ్వాల్సింది మీ శాఖే కదా? ఒక్క సంతకంతో పోయేదానికి ఈదడం ఎందుకండీ?" అన్నాడొక విలేకరి.

మంత్రిగారు అతనివైపు జాలిగా చూశారు. "సంతకం ఎవడైనా పెడతాడయ్యా. ఈదేవాడే నాయకుడు."

పక్కన నిలబడ్డ ప్రెస్ సెక్రటరీ ఎవాంథియా ఆ మాట రాసుకుంది. ఆమెది మెరోవియే. పెర్సెఫోనీ ఆమెకి స్వయానా పెద్దమ్మ. ఆ ఊళ్ళో పిల్లలకి నడక కన్నా ముందు ఈత వస్తుంది. అందుకే కారెక్కగానే ఉండబట్టలేక అడిగింది.

"సార్, మీకు ఈత వచ్చా?"

"ఇన్నేళ్ళుగా రాజకీయాల్లో మునగకుండా ఉన్నానమ్మా. అది ఈత కాదూ?"

కాదనడానికి వీల్లేదు. ఆయనెక్కిన పార్టీ పడవలన్నీ మునిగాయి. ఆయన మాత్రం ప్రతిసారీ పొడిబట్టలతో పక్క పడవలో తేలారు.

ట్రైనింగ్‌కి రాజధానిలో పెద్ద హోటల్ వాళ్ళు తమ ఈతకొలను ఖాళీ చేయించి ఇచ్చారు. కోచ్ ఒడ్డున నిలబడి అరుస్తున్నాడు.

"కాళ్ళు ఆడించాలి సార్!"

"ఆడిస్తూనే ఉన్నానయ్యా!"

"అవి నేల మీదున్నాయండీ!"

వారం తిరిగేసరికి కోచ్ ఎవాంథియాని పక్కకి పిలిచి తన అభిప్రాయం చెప్పాడు. "తేలడం ఆయనకి దేవుడిచ్చిన వరం మేడమ్. కదలడమే రాదు." ఎవాంథియా ఆ సాయంత్రం పత్రికలకి 'నీటిపై పూర్తి పట్టు సాధించిన మంత్రి' అని పంపింది. ఉద్యోగం మరి.

తర్వాత దారి సంగతి చూడ్డానికి ఉన్నతస్థాయి కమిటీ కూర్చుంది. మెరోవి నుంచి పెత్రినికి ఉన్న దూరాన్ని మ్యాపులో చూసి మంత్రిగారు మంచినీళ్ళు అడిగారు. సీనియర్ అధికారి ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఈది ఒడ్డు చేరతాం అన్నారు. ఎక్కణ్ణుంచి అన్నది తమరు చెప్పలేదు. అది ప్రభుత్వ విచక్షణ."

విచక్షణ ఉపయోగించి మంత్రిగారిని పడవలో పెత్రిని దగ్గరిదాకా తీసుకొచ్చి నీళ్ళలో దింపాలని తేల్చారు. మిగతావాళ్ళు మాత్రం ఆచారం ప్రకారం దీవి నుంచే ఈదుకు రావాలి. కానీ మంత్రిగారిని దాటకూడదు. దగ్గరికొచ్చాక ఆగాలి.

పెర్సెఫోనీ ఫోన్ చేసింది. "ఏమే, సముద్రం మధ్యలో ఆగమంటున్నారట మీవాళ్ళు! ఆగడానికి మేమేమన్నా దీపస్తంభాలమా?"

"ప్రోటోకాల్ పెద్దమ్మా. మంత్రిగారే ముందు ఒడ్డు చేరాలి."

"చేరతాడా?"

"చేరుస్తామంటున్నారు."

"నీ గొంతులో ఉప్పు లేకుండా పోయిందే, ఆ ఊరెళ్ళాక" అని పెర్సెఫోనీ నిట్టూర్చింది. "సర్లే. ఈసారి నేనెలాగూ ఈదను. స్టమాటిస్ కోడలు కల్లిరోయికి నెలలు నిండాయి. పక్కనే ఉండాలి."

ఈతకి ముందురోజు తీర రక్షణ అధికారి దీవికొచ్చి పడవలన్నీ స్వాధీనం చేసుకున్నాడు. టీవీ వాళ్ళకొకటి, బ్యానర్లకొకటి, బ్యాండు మేళానికొకటి, మంత్రిగారి అన్నయ్యగారి కుటుంబానికొకటి. స్టమాటిస్ పడవ గట్టిది, ఇంజను మంచిది. కాబట్టి దానికి మంత్రిగారి వెంట ఉండే అదృష్టం దక్కింది.

"మరి రేపు ఎవరికన్నా ఒంట్లో బాగోకపోతే?" అన్నాడు స్టమాటిస్.

"రేపు ఎవరికీ బాగోకుండా ఉండటానికి వీల్లేదు. పైనుంచి ఆర్డరు" అన్నాడు అధికారి.

తెల్లారింది. సముద్రం అద్దంలా ఉంది. దానికి కూడా ఆర్డరు వెళ్ళిందేమో తెలీదు. చర్చి ఫాదరు పడవలో నిలబడి నీళ్ళమీద నీళ్ళు చల్లి ఆశీర్వదించాడు. జెండా రంగుల టోపీ పెట్టుకుని మంత్రిగారు నిచ్చెన దిగారు. ఆయన పొట్ట చుట్టూ కట్టిన తాడు కెమెరాలకి కనబడకుండా నీళ్ళ కిందనుంచి వచ్చి స్టమాటిస్ పడవకి ముడిపడింది. ఎవాంథియా తువ్వాలు పట్టుకుని పడవ అంచున కూర్చుంది. ఈల మోగింది. మంత్రిగారు చేతులు ఆడించారు. స్టమాటిస్ ఇంజను తిప్పాడు. దేశం ముందుకు కదిలింది.

"ఎలా ఉందమ్మా నా స్టయిలు?" అన్నారు మంత్రిగారు, తల పైకెత్తి.

"చూసినవాళ్ళు మర్చిపోలేరు సార్."

వెనకాల దీవి నుంచి ఈదుకొచ్చినవాళ్ళు ఒక్కొక్కరే అందుకుని, ప్రోటోకాల్ ప్రకారం ఆగి, నీళ్ళలో వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్నారు. బ్యాండు పడవ వాయించిందే వాయిస్తోంది. అప్పుడు ఎవాంథియా ఫోన్ మోగింది.

"కల్లిరోయికి నొప్పులొచ్చాయే." పెర్సెఫోనీ గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "బిడ్డ అడ్డం తిరిగింది. ఇది నా చేతుల్లో పని కాదు. కోసి తియ్యాలి. పడవ పంపు. ఏ పడవైనా సరే."

ఇంజను దగ్గర స్టమాటిస్‌కి మాట వినబడలేదు గానీ ఎవాంథియా మొహం కనబడింది. "మా కోడలేనా?" అన్నాడు. ఆమె తలూపి పడవ అంచుమీదుగా వంగింది.

"సార్, దీవిలో ఒకమ్మాయికి కాన్పు కష్టమైంది. పడవ కావాలి."

మంత్రిగారు నోట్లో నీళ్ళు ఉమ్మారు. "ఏ పడవ?"

"మిమ్మల్ని లాగుతున్నదే సార్. దీవి పడవల్లో దీన్ని మించి వేగంగా పోయేది లేదు."

"ఎవాంథియా, మనం ఈ ఈత ఈదుతున్నదే అలాంటి ఆడవాళ్ళ కోసం కదమ్మా! మధ్యలో ఆపేస్తే వాళ్ళకెంత అన్యాయం చేసినవాళ్ళమవుతాం?"

ఆమె రేడియో అందుకుని తీర రక్షణ వాళ్ళని అడిగింది. మంత్రిగారు గట్టు ముట్టుకునేదాకా ఏ పడవా వరస తప్పడానికి లేదన్నారు. పోనీ హెలికాప్టర్ పంపమంది. హెలికాప్టర్ రిపేరులో ఉందన్నారు. ఆ సమాధానం ఆమెకి కొత్త కాదు. మెరోవిలో అందరికీ అది కంఠతా వచ్చు. ఆమె తండ్రి పోయినప్పుడు కూడా అదే రిపేరు.

స్టమాటిస్ నడుముకున్న కత్తి తీసి తాడు వైపు చూస్తున్నాడు. చుట్టూ తీర రక్షణ పడవలు. కోసి పారిపోయినా పది బారలు కూడా పోనివ్వరు. ఎవాంథియా ఆ కత్తి వైపు, ఆ పడవల వైపు చూసింది. తర్వాత రేడియో మళ్ళీ నోటిదగ్గర పెట్టుకుంది.

"మంత్రిగారికి గుండెనొప్పి."

అవతల గుటక వేసిన చప్పుడు. "మంత్రిగారికా?"

"మొహం నీలంగా మారుతోంది. ఆయన్ని చూసే డాక్టరమ్మ మెరోవిలోనే ఉన్నారు. ఆయన్ని ఎక్కించుకుని ముందు అక్కడ బడి ఆవరణలో దిగాలి."

ఆమె రేడియో పక్కన పెట్టి, కల్లిరోయిని బడి దగ్గరికి తెమ్మని పెద్దమ్మకి ఫోన్‌లో చెప్పి, తువ్వాలు మడత పెట్టేలోపే కొండ వెనకనుంచి హెలికాప్టర్ చప్పుడు వినిపించింది. స్టమాటిస్ తల పైకెత్తి చూశాడు.

"రిపేరు బాగా చేశారే!" అన్నాడు.

తాళ్ళు దిగాయి. ఒకడు దిగి మంత్రిగారిని చంకల కింద పట్టుకున్నాడు. స్టమాటిస్ పొట్టతాడు కోసేశాడు. "నాకేం కాలేదయ్యా! వదలండి!" అని ఆయన కేకలు పెడుతూనే గాల్లోకి లేచారు. జనం చప్పట్లు కొట్టారు. పెద్ద కెరటం లేచి తమ నాయకుణ్ణి పైకి విసిరిందేమో అనుకున్నారు కొందరు. వెనకే ఎవాంథియా కూడా ఎక్కింది. లోపల డాక్టరు మంత్రిగారిని స్ట్రెచర్ మీద కట్టేస్తున్నాడు.

"నేను బాగానే ఉన్నానయ్యా!"

"గుండెపోటు వచ్చినవాళ్ళందరూ ఇదే మాటంటారు సార్. మాట్లాడకండి, ప్రమాదం."

బడి ఆవరణలో పెర్సెఫోనీ సిద్ధంగా ఉంది. తలుపు ఒకటి ఊడదీసి దానిమీద కల్లిరోయిని పడుకోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. ఆ పిల్ల పెదవులు కొరుక్కుంటూ, పట్టుకున్న చెయ్యెవరిదో కూడా చూడకుండా నలిపేస్తోంది.

"ఈమె ఎవరు?" అన్నాడు డాక్టరు.

"డాక్టరువేనా నువ్వు? చూస్తే తెలీడంలా?" అని పెర్సెఫోనీ లోపలికి తల పెట్టింది. స్ట్రెచర్ మీద చెడ్డీతో, టోపీతో ఉన్న మంత్రిగారు కనిపించారు. "లే నాయనా, కాస్త జరుగు. ఇక్కడ నిజంగా పనున్న మనిషి వస్తోంది. ఇదిగో, ఈ సెలైన్ బాటిల్ పట్టుకో. పైకెత్తి పట్టుకో. ఆ, అట్లా."

మంత్రిగారి రాజకీయ జీవితంలో ఆయన చేత్తో నేరుగా జరిగిన మొదటి ప్రజాసేవ అదే. దారి పొడుగునా ఆ బాటిల్ దించలేదు. దించుదామంటే పెర్సెఫోనీ చూస్తోంది.

ఆసుపత్రిలో కల్లిరోయికి ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. ఆ కబురు వినగానే ఎవాంథియా వరండాలో గోడకి చేరబడి కూలబడిపోయింది. ఎంత ఏడ్చిందో ఆమెకే తెలీదు. లేచి మొహం కడుక్కునేసరికి దుప్పటి కప్పుకుని మంత్రిగారు ఎదురుగా వచ్చారు.

"నీ ఉద్యోగం పీకేస్తాను. రేడియోలో ఏం కూశావు నువ్వు?"

ఆమె నోరు తెరిచేలోపే తలుపులు తోసుకుని విలేకరులు వచ్చిపడ్డారు.

"మంత్రిగారూ! గుండెపోటుతో ప్రాణాలమీదికొచ్చి కూడా, ఆ గర్భిణికి హెలికాప్టర్‌లో మీ చోటిచ్చారట కదా?"

తెరిచిన మంత్రిగారి నోరు అలాగే ఉండిపోయింది. మెల్లగా మూసుకుంది. చెయ్యి దుప్పటి లోంచి పైకి లేచి గుండెమీద ఆనింది. కుడివైపు. ఎవాంథియా ఆ చేతిని నెమ్మదిగా పట్టుకుని ఎడమవైపుకి జరిపింది.

"ఒక తల్లి బాధ ముందు..." అన్నారు మంత్రిగారు నీరసంగా, "నా నొప్పి నాకు గుర్తు రాలేదు."

కెమెరాలు తళుక్కుమన్నాయి. ఎవాంథియా ఉద్యోగం నిలబడింది.

మంత్రిగారు వారంపాటు మంచంమీద పూలగుత్తుల మధ్య పరామర్శలు స్వీకరించారు. లేచాక మళ్ళీ ప్రెస్ మీట్ పెట్టారు. మెరోవికి హెలికాప్టర్ సౌకర్యం ఎంత అద్భుతంగా పనిచేస్తోందో దేశమంతా చూసింది కాబట్టి అంబులెన్స్ పడవ అవసరం తీరిపోయిందన్నారు. ఇన్నేళ్ళ ఈత చందాలతో పెత్రిని గట్టున కంచు ఫలకం పెట్టించారు. 'మంత్రి కలమరాస్ గారు ఇక్కడే ఒడ్డు చేరబోయారు' అని దానిమీద చెక్కించారు.

"పడవ ఏదే?" అంది పెర్సెఫోనీ ఫోన్‌లో.

"అక్కర్లేదన్నారు పెద్దమ్మా. హెలికాప్టర్ ఉందిగా అన్నారు."

"మరి అదన్నా ఉందా?"

"కనుక్కున్నాను. రిపేరులో ఉంది."

"సరే" అని పెర్సెఫోనీ ఫోన్ పెట్టేసింది.

చలికాలం వచ్చింది. ఉత్తరపు గాలికి ఫెర్రీలు ఆగిపోయాయి. ఒకరోజు మధ్యాహ్నం మంత్రిగారు ఆఫీసులో కూర్చుని వేడివేడి చీజ్ కూరిన తిరోపిత రొట్టె తింటున్నారు. పొరలు పొరలుగా రాలుతున్న పెచ్చుల్ని టైమీద నుంచి దులుపుకుంటున్నారు. ఎదురుగా ఫైళ్ళు సర్దుతున్న ఎవాంథియాకి ఫోన్ వచ్చింది.

"మంత్రిగారికి మళ్ళీ గుండెనొప్పి వచ్చిందే" అంది పెర్సెఫోనీ.

ఎవాంథియా మంత్రిగారి వైపు చూసింది. ఆయన రెండో ముక్క అందుకున్నారు.

"ఎక్కడ పెద్దమ్మా?"

"స్టమాటిస్ ఇంట్లో. చెమటలు కారిపోతున్నాయి. ఎడమ చెయ్యి లాగేస్తోందంటున్నాడు. సముద్రం పడవల్ని రానిచ్చేట్టు లేదు. తొందరగా చూడవే తల్లీ."

ఎవాంథియా ఆ ఫోన్ చెవినుంచి తియ్యకుండానే బల్లమీది రెండో ఫోన్ ఎత్తింది. "మంత్రిగారికి గుండెనొప్పి. మెరోవిలో. బడి ఆవరణలో దిగండి."

మంత్రిగారు నమలడం ఆపారు.

"ఎవరికమ్మా?"

"మీకే సార్."

"ఎలా ఉందట?"

"సీరియస్సేనట సార్. హెలికాప్టర్ బయల్దేరింది."

మంత్రిగారు కిటికీలోంచి కాసేపు ఆకాశంలోకి చూశారు. చేతిలోని ముక్క ప్లేటులో పెట్టారు. మూతి తుడుచుకున్నారు.

"ఆరుగంటల వార్తలకి అందుతుందా?" అన్నారు.