టైలరమ్మకు దుభాషి దొరికిన వైనం

అన్యాయానికి గురైన ప్రతి స్త్రీ గోడునూ ఓపికగా ఆలకించడమే తమ ఊపిరని మహిళా సహాయ కార్యాలయం ప్రకటించింది. (ఆలకించడానికి గొంతు కావాలి. అది తెచ్చుకునే బాధ్యత ఆ స్త్రీదే.)

టైలరమ్మకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. ఏది చెప్పినా సైగలతోనే. భర్త మెలిపెట్టిన కుడి చెయ్యి వాచిపోయి, కత్తెర పట్టుకోలేని స్థితి వచ్చాక, చెల్లెల్ని వెంటబెట్టుకుని ఆ కార్యాలయానికి వెళ్ళింది.

"అక్క సైగలు నాకొచ్చండీ. నేను చెబుతాను" అంది చెల్లెలు.

"కుదరదమ్మా. బంధువులు పక్షపాతం చూపిస్తారు. దుభాషిని మేమే పిలిపిస్తాం" అన్నారు సహాయాధికారి.

పిలిపించారు కూడా. సైగలు తెలిసి, దగ్గర్లోనే ఉండి, ఊరికే వచ్చే మనిషి కోసం గాలించగా ఆమె భర్తే దొరికాడు.

చెల్లెలు నోరెళ్ళబెట్టింది. "మా బావ బంధువు కాదాండీ?"

"కాదు, సంరక్షకుడు. అది వేరే విభాగం."

టైలరమ్మ భర్త వైపు వేలు చూపించి, పిడికిలి బిగించి గాల్లో దబదబా గుద్దింది.

"మా ఆయన బలమే నాకు అండ అంటోందండీ" అన్నాడు భర్త.

ఆమె తన జుట్టు తానే పట్టుకుని, తలను గోడకేసి కొట్టినట్టు చూపించింది.

"గోడలకు సున్నం వేయించమంటోందండీ."

"అది మరమ్మతుల శాఖ చూసుకుంటుంది" అన్నారు సహాయాధికారి.

"అన్నీ అబద్ధాలండీ! అక్క చెప్పేది అది కాదు!"

"నువ్వు బంధువువమ్మా. నీకు అర్థం కాకూడదు."

టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది. బాగున్న చేత్తో సహాయాధికారి చెయ్యి అందుకుని, తనకు జరిగింది జరిగినట్టుగా, వీపు వెనక్కి మెలిపెట్టింది.

"అమ్మో! చచ్చాన్రోయ్!"

"నమస్కారం పెడుతోందండీ" అన్నాడు భర్త.

అక్కణ్ణుంచి వ్యవస్థ పరుగులు తీసింది. ఉద్యోగిపై దాడి కేసు పెట్టారు. నిందితురాలికి తన భాషలో చెప్పుకునే హక్కు ఉంటుంది కనుక, టీ చల్లారేలోగా దుభాషి (ఈసారి నిజమైనది) వచ్చింది. ఆవిడ చేసిన మొదటి పని భర్తను గదిలోంచి పంపించేయడం. రెండోది, టైలరమ్మ ఎదుట కూర్చుని "ఎందుకలా చేశావు?" అని చేతులతో అడగడం.

ఇంతకాలంలో ఎవరూ ఆమెను ఏదీ అలా అడగలేదు. టైలరమ్మ మొదట ఏడ్చింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. కొట్టడం, గదిలో పెట్టి తాళం వెయ్యడం, చెల్లెల్ని చూడనివ్వకపోవడం. ఆగినప్పుడల్లా దుభాషి "ఇంకా?" అని సైగ చేసింది. పోలీసులు అన్నీ రాసుకున్నారు.

ఆ సాయంత్రమే భర్తను పట్టుకెళ్ళారు. సహాయాధికారి తన ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. టైలరమ్మ చెల్లెలింట్లో మిషను వేసుకుని, చెయ్యి నయమయ్యాక మళ్ళీ జాకెట్లు కుడుతోంది.

బాధితులకు కూడా దుభాషిని పంపించండని సహాయాధికారి పైవాళ్ళను అడిగారు. నిందితులకైతే నిబంధన ఉందని, బాధితుల సంగతి ఆలోచిస్తామని జవాబు వచ్చింది.

మొన్న వినపడని మరొకావిడ, కమిలిన చెంపతో వచ్చింది. సహాయాధికారి లేచి తలుపు వేసి, చొక్కా చెయ్యి పైకి మడిచి, పళ్ళు బిగించి, చెయ్యి ఆమె ముందుకు చాపారు.

దివ్యాంగ మహిళల కోసం ఆ కార్యాలయంలో ఇప్పటివరకూ ఏర్పాటైన సదుపాయం అదొక్కటే.