జిపార్కుల్ అక్కకు దక్కిన చెవి

మా కోక్-బులాక్ జిల్లాలో పద్దెనిమిదేళ్లు దాటిన సెరిబ్రల్ పాల్సీ రోగి ఒక్కరు కూడా లేరని జిల్లా ఆరోగ్యాధికారి కెన్జేబెక్ అక్మాతోవిచ్ గారు రేడియోలో ప్రకటించారు. అది పిల్లల జబ్బు. పిల్లలు పెద్దవాళ్లవుతారు. అంతటితో జబ్బు సరి. ఇంత చౌకైన వైద్యం ఇంకే దేశంలోనూ ఎవరికీ తట్టనందుకు నా ఛాతీ ఉప్పొంగింది.

మా పక్కింటి జిపార్కుల్ అక్కకు తన జబ్బు నయమైన సంగతి ఆ రేడియోలోనే తెలిసింది. పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ. ఇప్పుడు నలభై దాటాయి. తుంటి కీలు అరిగింది, మెడ పట్టేసింది, బీపీ వచ్చింది, ముద్ద మింగబోతే పొలమారుతుంది. నిన్నమొన్నటి దాకా కర్రలతో సంతకెళ్లిన మనిషి గుమ్మం దాకా రాలేకపోతోంది. ఆసుపత్రిలో చేర్చుకుని ఆ తుంటి సంగతి చూడకపోతే ఇక లేచి నడవడం కల్ల.

నాకు టాక్సీ ఉంది కాబట్టి తిప్పే భాగ్యం నాకే దక్కింది.

"ఇది పిల్లల జబ్బమ్మా, పిల్లల ఆసుపత్రికి పో" అన్నారు పెద్దాసుపత్రిలో.

"జుట్టు నెరిసింది కదక్కా, పెద్దాసుపత్రికి పో" అన్నారు పిల్లల ఆసుపత్రిలో.

రెండూ ఎదురెదురుగా ఉండటం కూడా అధికారి గారి ముందుచూపే అయివుండాలి.

జబ్బును తరిమేసినందుకు ఆయనకు విందు చేశారు. నయమైనదానికి నమూనాగా అక్కను పిలిపించారు. మా విందుల్లో గొర్రె మాంసం వయసును బట్టి పంచుతారు. పెద్దలకు పెద్ద ఎముక, పిల్లలకు చెవి. నలుగురి ముందు పెట్టిన వాటాను మార్చడమంటూ లేదు. పంచే గౌరవం అధికారి గారిదే.

ఆయన పంచుతూ అక్క దగ్గరకు రాగానే ఆమె నోరు విప్పింది.

"ఎముక పెడితే రేపు పెద్దాసుపత్రిలో చేర్పించాలి సార్. చెవి పెడితే పిల్లల ఆసుపత్రిలో. మీ ఇష్టం."

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఎముక పెడితే జిల్లాలో పెద్ద వయసు రోగి ఒకరు ఉన్నట్టే కదా.

"తొందరగా తేల్చు నాయనా, కొవ్వు గడ్డకడుతోంది" అన్నాడు పెద్దపీట మీది ముసలాయన.

అధికారి గారు చెవి పెట్టారు. చప్పట్లు మోగాయి. గర్వంతో నాకు ఒళ్లు మండిపోయింది.

చెవిని సన్నగా తరిగి అక్క నోటికి అందించాను. అయినా పొలమారింది. దగ్గుతూనే నవ్వింది.

"ఒరే తబల్దీ, ఇన్నాళ్లకు ఏదో ఒకటి అయ్యాన్రా!"

మర్నాడు పిల్లల ఆసుపత్రిలో డాక్టరమ్మ లేచి నిలబడి మరీ ఆహ్వానించింది. వయసులో అక్కకు కూతురిలా ఉంటుంది.

"అధికారి గారు ఫోన్ చేశారు. మంచం సిద్ధంగా ఉంది. తల్లి ఏరీ?"

"ఎవరి తల్లి?" అన్నాను.

"పాప తల్లి. తల్లి తోడు లేకుండా పిల్లల్ని చేర్చుకోం. రూలు."

అక్క గోడ పట్టుకుని నిలబడింది.

"మా అమ్మ చనిపోయిందమ్మా."

డాక్టరమ్మ ముఖం చిన్నబోయింది.

"అయ్యో, ఇంత చిన్న వయసులోనే!" అని అక్క తల నిమిరి, తర్వాతి పాపను పిలిచింది.