మా ఆటోమేటిక్ మిషన్‌కు ఒక బకెట్

అచ్చంపేట ప్రజలకు తెలియజేయడమేమనగా, మా ఇంటి కొత్త వాషింగ్ మిషన్ విధుల్లో చేరిన మర్నాడే 'ఈ-1' అని ఎర్రగా వెలిగించి, తలుపు బిగించుకుని మౌనదీక్షకు కూర్చుంది.

దీక్షాశిబిరం లోపల చిక్కుకున్నవి నా ఆకుపచ్చ చుడీదార్, మా ఆయన నాగేందర్ మట్టిరంగు చొక్కా. మర్నాడు తెల్లవారగానే మేమిద్దరం అమ్రాబాద్ అడవిలో జీపెక్కి పులిని చూడాలి. పెళ్లయ్యాక మా మొదటి షికారు. మెరిసే బట్టలు వేసుకు రావద్దని అడవివాళ్లు ముందే చెప్పారు. కొత్తగా పెళ్లయినవాళ్ల దగ్గర మెరవని బట్టలు ఎన్ని ఉంటాయి? అవే ఉన్నాయి. మిగిలినవన్నీ జరీ.

మా మామ జంగయ్యగారి అధ్యక్షతన తక్షణమే విచారణ మొదలైంది. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే నాగేందర్ స్విచ్ ఆపి, మళ్లీ వేశారు. ఈ-1. మరింత శాస్త్రీయంగా ఆపి, మరింత శాస్త్రీయంగా వేశారు. ఈ-1.

"నిన్న బిగించినోడు నడిపి చూపిచ్చినప్పుడు మంచిగనే ఉండె. గా ఎదురింటోళ్లు చూసి పోయిండ్రు. దిష్టే గిది," అని మా అత్తమ్మ శ్యామలమ్మ నిమ్మకాయ కోసి దాని రెండు మూలలా పెట్టారు. నుదురు ఎక్కడుందో తెలియక మిషన్‌కు మూడుచోట్ల బొట్టు పెట్టారు. మిషన్ చాలా కళగా కనిపించింది. ఈ-1 కూడా కుంకుమ రంగులో చక్కగా కలిసిపోయింది.

ఇంతలో మాజీ వార్డు మెంబర్ సైదులుగారు పరామర్శకు విచ్చేశారు. చాయ్ తాగి లేచి నిలబడ్డారు. కూర్చుని మాట్లాడటం ఆయనకు చేతకాదు.

"అన్నా, గిది ఒక్క మిషన్ బాధ గాదు! మన పాలమూరోళ్లంటే కంపెనీలకు అల్కగ అయింది. మంచియి పట్నంల అమ్ముకుని, పాడయినయి మనకు తోలుతుండ్రు. రేపు దుకాణం ముందట టెంటేద్దాం!"

అందరం చప్పట్లు కొట్టాం. అలవాటు కొద్దీ నేనూ కొట్టాను. తర్వాత నా చుడీదార్ గుర్తొచ్చి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టి కంపెనీకి ఫోన్ చేశాను. అవతల అమ్మాయి ఎంతో మర్యాదగా, "మేడమ్, ఈ-1 అంటే మిషన్‌కు నీళ్లు అందడం లేదని. కుళాయి తెరిచి ఉందా?" అని అడిగింది.

ఇల్లంతా అవమానంతో ఉడికిపోయింది.

"నల్లా ఇప్పుకునుడు ఎర్కలేదా మనకు? గింత సదువుకున్న కోడల్ని పట్టుకుని గా మాటంటదా?" అన్నారు అత్తమ్మ.

నేను మిషన్ వెనక్కి వంగి చూశాను. నల్లా కట్టేసి ఉంది. తిప్పాను. మిషన్ గుటగుటా నీళ్లు తాగింది. ఈ-1 ఆరిపోయింది. పట్టలేని సంతోషంతో నేనూ నాగేందరూ చేతులు పట్టుకుని గిర్రున తిరిగాం. పెద్దల ముందు అలా తిరగకూడదని తిరిగాక గుర్తొచ్చింది.

సరిగ్గా అప్పుడే మామగారు మిషన్ వెనక్కి నడిచి, ఎంతో ప్రశాంతంగా నల్లా కట్టేశారు. ఈ-1 వెలిగింది.

"ఎవలు ఇప్పిండ్రు గీ నల్లా? కింద బకెట్ లేదు, బిందె లేదు!"

"బాపూ, పొద్దుగాల గూడ నువ్వే కట్టేసినవా?" అన్నారు నాగేందర్.

"కట్టేయనా మరి? ట్యాంకర్ కాడ తన్నుకుని నీళ్లు తెచ్చుకున్నం మేము. గిన్నె లేని నల్లా కనవడితే నా చెయ్యి ఆగదురా!"

దోషి దొరికాడని మీరు అనుకోవచ్చు. మా ఇంట్లో అలా అనుకోరు. సైదులుగారు మళ్లీ లేచి, నీటి పొదుపులో మామగారు జిల్లాకే ఆదర్శమని ప్రసంగించి, మా బీరువాలోని శాలువాతోనే ఆయనను సత్కరించారు. శాలువా కప్పుకుంటూనే మామగారు నల్లా వైపు ఒక కన్నేసి ఉంచారు.

పరిష్కారంగా నల్లా కింద బకెట్ పెట్టాం. కట్టేశారు. "మనిషి లేని బకెట్ నిండి పారదా?" అన్నారు. అంచేత బకెట్ పట్టుకుని ఒక మనిషి నిలబడాలని ఏకగ్రీవంగా తీర్మానమైంది. ఆ మనిషి ఎవరన్నది చర్చకే రాలేదు. అందరూ ఎంతో ఆప్యాయంగా నావైపు చూశారు.

బట్టలు బయటికొచ్చేసరికి పొద్దు గూకింది. తెల్లారేదాకా ఆరనే లేదు. పులి మమ్మల్ని చూడకుండానే ఉండిపోయింది.

ఇప్పుడు వారానికి మూడుసార్లు పూర్తిగా ఆటోమేటిక్ మిషన్ పక్కన, పైపు బిగించిన నల్లా కింద, చుక్క నీరు పడని బకెట్ పట్టుకుని నిలబడుతున్నాను. ఆదివారాల్లో నాగేందర్ కూడా వచ్చి బకెట్‌కు రెండో పక్క పట్టుకుంటారు. ఖాళీ బకెట్‌కు ఇద్దరెందుకని అత్తమ్మ అడుగుతారు. మేం చెప్పం.

చూడవచ్చిన చుట్టాలతో మామగారు గర్వంగా అంటున్నారు: "మా మిషన్‌కు మనిషే అవుసరం లేదు. అన్నీ దాని అంతట అదే చేస్తది."

చుట్టాలు నా పక్కనుంచే తొంగిచూసి, నిజమేనని తలూపుతున్నారు. బకెట్‌ను జర పక్కకు జరపమని కూడా అంటున్నారు, మిషన్ సరిగా కనబడటం లేదట.