మా ఎడమకాలికి జరిగిన మర్యాదలు

ప్రతి మనిషికీ ఒక కాలైనా వాచి తీరాలని నా గట్టి అభిప్రాయం. రెండూ వాస్తే ఇంకా మంచిదే గానీ, మనిషికి మరీ అంత ఆశ పనికిరాదు.

ఊరికే చెప్పడం లేదు, స్వానుభవం! నా ఎడమకాలు ఇంజనీరింగ్ రోజుల నుంచీ వాచే ఉంది. కాల్లో చేరిన నీరు పైకి పోయే దారి నాకు పుట్టుకతోనే సరిగా లేదట. డాక్టరమ్మ దానికి లింఫెడీమా అని పేరు చెప్పింది. పూర్తిగా తగ్గదు, పట్టీ కట్టుకో, పడుకున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకో, ఇది ఎవరికీ అంటుకోదు అంది. ఈ చివరి ముక్క మాత్రం ఆసుపత్రి గేటు దాటి బయటికి రాలేదు.

అదే నా అదృష్టం! మదనపల్లె నుంచి పుంగనూరు బస్సులో నిలబడేందుకు కూడా చోటుండదు. నా పక్క సీటు మాత్రం ఖాళీ. మొన్న ఒకావిడ కూర్చోబోయి, నా కాలు చూసి, "ఈడ గాలి రాదులేమ్మా" అని లేచిపోయింది. అది కిటికీ పక్క సీటు! చర్చిలోనైతే బెంచీ మొత్తం నాదే. ఏ ఎమ్మెల్యేకి దక్కుతుందండీ ఇంత చోటు?

ఇక వైద్యమా, అడక్కుండానే! కూరగాయల అంగట్లో, బ్యాంకు క్యూలో, ఆఖరికి లిఫ్టులో కూడా స్పెషలిస్టులు దొరుకుతారు. ఉప్పు మానేయమని ఒకరు, ఉప్పు కాపడం పెట్టమని ఒకరు. మా అమ్మ అన్నమ్మ నన్ను కుప్పం దాకా తీసుకుపోయి పసరు కట్టించింది. ఆ పసరు పెద్దాయన నా మొహం చూడలేదు, నన్నేమీ అడగలేదు. కాలు చూసి అమ్మని అడిగాడు.

"పెండ్లయిందా?"

"యాడప్పా, ఇంకా లేదు."

"కాదులే."

చూశారా! వైద్యం, జ్యోతిషం, రెండూ ఒకే టోకెన్ మీద!

ఉద్యోగంలోనూ సుఖమే. ఇంటి నుంచే పని. మా టీమ్ నన్ను వీడియో కాల్‌లో భుజాల వరకే చూసింది. వాళ్లు బెంగళూరులో టీమ్ లంచ్ పెట్టినప్పుడల్లా నాకు జ్వరం వస్తుంది. పెళ్లిళ్లకు తలనొప్పి, పుట్టినరోజులకు అర్జెంటు మీటింగు. అలా ఇల్లు కదలకుండా హాయిగా బతుకుతున్నాను. నిలువుటద్దం కొనే ఖర్చు కూడా లేదు.

ఇంత హాయిని చెడగొట్టింది జువేరియా. కాలేజీలో నాలుగేళ్లూ నా పక్కన కూర్చున్న పిల్ల. పుంగనూరులో దాని పెళ్లి. మెహందీకి రమ్మని ఫోన్ చేసింది.

"కాలు బాగాలేదే."

"కాలుని ఇంట్లో పెట్టేసి నువ్వు రా. నిన్నే కదా పిలస్తాండాను, కాలునా?"

ఇలాంటి మాట విని చాలా కాలమైంది. అందుకే మోసపోయాను.

అమ్మ పొడుగు చీర ఇచ్చింది. "కుచ్చిళ్లు నేలకి ఆనేట్టు కట్టుకో పాపా, ఎవురికీ కనపడదు." పాదం మీది పట్టీ కూడా విప్పేసి బయల్దేరాను. కాలు దాచుకునేవాళ్లు వెళ్లకూడని ఫంక్షన్ ప్రపంచంలో ఒక్కటే ఉందని ఇద్దరికీ తట్టలేదు. మెహందీకి వచ్చిన ఆడపిల్లలంతా చీర పైకి లాక్కుని, కాళ్లు చాపుకుని కూర్చున్నారు!

మర్యాద ఏమీ తగ్గలేదు. జువేరియా పిన్నమ్మ మసూదా గుమ్మం పక్కన నాకొక్కదానికే ప్లాస్టిక్ కుర్చీ వేయించింది. "కింద కూసుంటే నీకే కష్టం బేటీ." మంచి మనిషి. అందరూ ఒకే పెద్ద పళ్లెం చుట్టూ చేరి తింటుంటే నాకు విడిగా పేపరు ప్లేటు వచ్చింది. విఐపీలకు అంతే కదా!

"దానికీ మెహందీ పెట్టు, కాళ్లకు కూడా," అని జువేరియా కేకేసింది. రెండు చేతులా తడి మెహందీ, కదల్లేదు.

మెహందీ పెట్టే అమ్మాయి నా పాదం చూసి, "కోన్ సాలదేమోక్కా" అంది. అందరికంటే ముందు నేనే నవ్వాను. అదొక టెక్నిక్, ఎవరికైనా కావాలంటే నేర్పుతాను. మనం ముందు నవ్వేస్తే, వాళ్లు నవ్వింది మనల్ని చూసి కాదని అనుకోవచ్చు.

"పెట్టమంటాండానా లేదా?" జువేరియా గద్దించింది. ఆ అమ్మాయి గబగబా ఒక పువ్వు వేసి లేచిపోయింది. మైదానంలో ఒక్క పువ్వు. నాకు మాత్రం బాగానే ఉంది.

తర్వాత ఫోటో. పెళ్లికూతురి పాదాలు మధ్యలో, స్నేహితురాళ్ల పాదాలు చుట్టూ గుండ్రంగా పెట్టి పైనుంచి తీయాలట. నేనూ కుర్చీ దిగి, చీర కాస్త ఎత్తి, కాలు ముందుకు పెట్టాను. జువేరియా చెల్లెలు మెహ్‌నాజ్ ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అక్కా, నువ్వు కంప్యూటర్ సదివినావు కదా. నువ్వే తియ్యి, బాగొస్తాది."

"అవునవును, హర్షితే తియ్యాల!" అన్నారందరూ. మా ఆఫీసులో ఏ మీటింగులోనూ ఇంత ఏకాభిప్రాయం చూడలేదు. ఒక్క జువేరియా, "అది కూడా కూసోవాల!" అంటోంది గానీ, పాటల హోరులో పెళ్లికూతురి మాట ఎవరు వింటారు?

ఫోన్ పైకెత్తాను. స్క్రీన్ నిండా చిన్న చిన్న పాదాలు, అన్నిటికీ మెహందీ తీగలు. అడుగున ఒక పక్కగా నాది. ఒక్క అడుగు వెనక్కి వేస్తే అది కనపడదు. ఇన్నేళ్లుగా నేను చేస్తున్న పని అదే కదా, బాగా అలవాటే. ఎందుకో ఆ రోజు వేయలేదు. అలాగే తీసి పెళ్లి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను.

నేను మదనపల్లె చేరేసరికి గ్రూపులో మెహ్‌నాజ్ మెసేజ్. "ఫోటో సూపరక్కా! కింద ఒక కాలు అడ్డమొచ్చినాది, అది తీసేసి మళ్లా పెట్టవా? నీకు రెండు నిమిషాల పని." దాని కింద వరసగా అందరూ పైకెత్తిన బొటనవేళ్లు.

పాఠకులారా, నేను కంప్యూటర్ సైన్స్‌లో డిస్టింక్షన్. ఊరందరి యాప్‌లలో ఉండే తప్పులు సరిచేసి జీతం తీసుకుంటాను. కానీ ఏం చేయను? ఫోటోలోంచి ఒక కాలు తీసేయడం మాత్రం నాకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు. "నాకు రాదు మెహ్‌నాజ్" అని నిజాయితీగా ఒప్పేసుకున్నాను.

ఉన్న ఫోటోని ఉన్నట్టే స్టేటస్ పెట్టడం మాత్రం వచ్చు. పెట్టేశాను.