ముందు గదిలో బెస్సీ

ఆ శనివారం ఉదయం ఓర్విల్ టిడ్వెల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య లవెర్న్ వారం రోజులకని చట్టనూగాలోని అక్కగారింటికి బయల్దేరింది. ఆమె వచ్చేదాకా ముందు గది అక్వేరియంలో ఉన్న ఆరు గోల్డ్‌ఫిష్‌లకు రోజూ చిటికెడు మేత వెయ్యాలి. మిగతా పొద్దంతా తన పడవ, తన గాలం, తన చెరువు. అలబామాలో పుట్టినవాడికి ఇంకేం కావాలి?

పదకొండు గంటలకు గాలానికి బాస్ చేపపిల్ల ఒకటి పడింది. జానెడు కూడా లేదు. నీళ్ళలో వదలబోతుంటే అది ఓర్విల్ ముఖంలోకి నిదానంగా చూసింది. ముప్ఫై ఏళ్ళుగా బాస్‌లు పడుతున్నాడు గాని, ఒక్కటీ అలా చూడలేదు. అతని మనసు కరిగిపోయింది. బకెట్లో వేసి ఇంటికి తెచ్చి, అక్వేరియంలో వదిలి, బెస్సీ అని పేరు కూడా పెట్టాడు. లవెర్న్ వచ్చేలోగా మళ్ళీ చెరువులో దింపేయొచ్చని ధీమా.

సాయంత్రానికి గోల్డ్‌ఫిష్‌లు ఐదయ్యాయి. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మూడు. బెస్సీ పొట్ట మాత్రం గుండ్రంగా ఉంది.

సోమవారం పొద్దున్నే ట్వైలా కొట్టుకు పరుగెత్తాడు. ఎరలు, గోల్డ్‌ఫిష్‌లు, ఊరి కబుర్లు, అన్నీ ఆవిడ దగ్గరే దొరుకుతాయి.

"మూడు గోల్డ్‌ఫిష్‌లివ్వు ట్వైలా. ఒకదాని తోకమీద తెల్లమచ్చ ఉండాలి. ఎర చేపలు కూడా ఓ చెంబెడు పొయ్యి."

"నీ పడవ మీ ఇంటి ముందే పడుందిగా, చెరువుకెళ్ళనివాడికి ఎరలెందుకు?"

"చుట్టం వచ్చింది," అనేశాడు ఓర్విల్, నోటికొచ్చిన మొదటి మాట.

"ఎవరో?"

"బెస్సీ అని... చెరువు వైపు నుంచి. లవెర్న్ వచ్చేలోగా పంపించేస్తాలే. ఆవిడతో మాత్రం అనకు."

ట్వైలా అనలేదు. తన తోడికోడలితో మాత్రమే అంది.

ఎర చేపలు వేసినా బెస్సీ కన్ను గోల్డ్‌ఫిష్‌ల మీదే. ఓర్విల్ రోజూ కొట్టుకు రావలసివచ్చింది. బుధవారం ట్వైలా తీయగా పలకరించింది. "మీ చుట్టం ఎలా ఉందేమిటి?"

"బాగా ఒళ్ళు చేసింది," అన్నాడు ఓర్విల్ పరధ్యానంగా. "రోజంతా అద్దం ముందే. నేను కనిపిస్తే చాలు, గబుక్కున దగ్గరికొచ్చేస్తుంది."

ఆ మాట చట్టనూగా చేరడానికి గంట పట్టలేదు. సాయంత్రానికల్లా లవెర్న్ కారు దిగింది. పెట్టె కారులోనే వదిలేసి, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి ఇనప పెనం చేత్తో పట్టుకుంది.

"ఏదయ్యా అది?"

ఓర్విల్ రెండడుగులు వెనక్కి వేశాడు. "తొట్టిలో ఉంది..."

"నా తొట్టిలో స్నానం కూడానా!"

స్నానాల గది తలుపు ధడాలున తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. తువ్వాలు కూడా తడవలేదు.

"అక్కడ కాదే బాబూ, ముందు గదిలో! చేపల తొట్టిలో!"

లవెర్న్ అక్వేరియం ముందుకొచ్చి నిలబడింది. లోపల బెస్సీ ఒక్కతే ఉంది, చాలా దర్జాగా.

"నీ ఆరింటినీ తినేసింది," అన్నాడు ఓర్విల్ తల వంచుకుని. "నేను తెచ్చిన పదకొండింటినీ కూడా. నువ్వేమన్నా పడతాను. ఇప్పుడే చెరువులో దింపొస్తా." బకెట్ కోసం కదిలాడు.

లవెర్న్ అద్దం మీద వేలు పెట్టింది. బెస్సీ వచ్చి ఆ వేలి దగ్గర ఆగింది. వేలు ఎటు జరిగితే చేప అటు జరిగింది. పెనం మెల్లగా సోఫా మీదికి చేరింది.

"ఆరేళ్ళు మేపాను," అంది లవెర్న్. "ఒక్క గోల్డ్‌ఫిష్ నా వంక కన్నెత్తి చూసిన పాపాన పోలేదు. ఆ బకెట్ అవతల పెట్టు."

"అదేమిటి?"

"ఇంటికొచ్చిన చుట్టాన్ని తరిమేస్తావా? దీనికి పెద్ద తొట్టి కావాలి. ముందు ఆ గోడమీద నువ్వు పట్టి, గడ్డి కూరి తగిలించిన బాస్‌లను దించెయ్యి. పసిదాని కళ్ళెదుట ఆ శవాలేమిటి?"

ఓర్విల్ ఇప్పటికీ ప్రతి శుక్రవారం చేపల వేపుడు తింటూనే ఉన్నాడు, గరాజ్‌లో, తలుపు మూసుకుని.